అమ్మానాన్నలతో యూరప్ రివర్ క్రూజ్: రైనా, డాన్యూబా?

శిరీష_కూకట్‌పల్లి
అందరికీ నమస్తే. వచ్చే ఏడాది అమ్మానాన్నలని యూరప్ తిప్పుదామనుకుంటున్నాం. నేను, మావారు, వాళ్లిద్దరు, మొత్తం నలుగురం. నాన్నకి డెబ్బై దాటింది కానీ రోజూ వాకింగ్ చేస్తారు, మనిషి హుషారు. అమ్మకే మోకాళ్ల నొప్పులు. ఇరవై నిమిషాలు నడిస్తే ఎక్కడో ఒకచోట కూర్చోవాలి.

గ్రూప్ టూర్ల షెడ్యూళ్లు తెప్పించి చూపిస్తే, "పొద్దున్నే ఆరింటికి పెట్టెలు సర్దుకోవడం, రోజంతా బస్సు, రాత్రికి ఇంకో హోటలు... నాకొద్దే తల్లీ, మీరెళ్లి రండి" అనేసింది. ఆ తర్వాత ఆఫీసులో ఒకావిడ రివర్ క్రూజ్ గురించి చెప్పారు. వారమంతా ఒకటే గది, పెట్టె ఒక్కసారి విప్పితే చాలు, ఓడే ఊరి నుంచి ఊరికి తీసుకెళ్తుంది అనేసరికి అమ్మ కాస్త మెత్తబడింది.

మాకు రెండు నచ్చాయి. ఒకటి ఆమ్‌స్టర్‌డామ్ నుంచి బాసెల్ దాకా రైన్ మీద ఏడు రాత్రులు. రెండోది జర్మనీలోని పసావులో ఎక్కి, డాన్యూబ్ మీద బుడాపెస్ట్ దాకా వెళ్లి మళ్లీ పసావులోనే దిగడం. అదీ ఏడు రాత్రులే. ఏది మేలు? ఏ నెలలో వెళ్లాలి? అమ్మ గుడ్డు కూడా తినదు, మరి తిండి మాటేంటి? పెట్టిన డబ్బుకి న్యాయం జరుగుతుందా? వెళ్లొచ్చినవాళ్లు, అక్కడ ఉంటున్నవాళ్లు చెప్పండి ప్లీజ్.

గోదారోడు
చిన్నప్పటి నుంచి పాపికొండలు లాంచీల్లో తిరిగినవాణ్ణి. నది మీద ప్రయాణమంటే ఎక్కడైనా సరే ఎక్కేస్తాను. కళ్లు మూసుకుని వెళ్లిపోండి శిరీష గారూ. లాంచీలో మధ్యాహ్నం పెట్టే పులిహోర మాత్రం అక్కడ ఉండదు, అదొక్కటే లోటు.

రైన్‌గట్టు_రవి
నేను డ్యూసెల్‌డార్ఫ్‌లో ఉంటాను, ఈ ఓడలు రోజూ మా ఇంటి ముందు నుంచే పోతాయి. కాబట్టి రైన్ గురించి చెప్తాను.

బ్రోషర్లో కనిపించే ఫొటోలన్నీ ఒకే ఒక్క ముక్కవి. రూడెస్‌హైమ్ నుంచి కోబ్లెంజ్ దాకా సుమారు 65 కిలోమీటర్ల లోయ. యునెస్కో 2002లో గుర్తించింది దాన్నే. మలుపు మలుపుకీ కొండ మీద ఓ కోట, కింద ద్రాక్షతోటలు, కౌబ్ దగ్గర నది మధ్యలోనే ఓడ ఆకారంలో కట్టిన చిన్న కోట, ఆ తర్వాత 132 మీటర్ల లోరెలై కొండ. ఈ ముక్క నిజంగానే అద్భుతం, అందులో సందేహం లేదు. కానీ ఓడ ఇది దాటడానికి పట్టేది ఒక పూట. కొలోన్ నుంచి కిందికి, అంటే హాలెండ్ వైపు, గట్టున చాలాచోట్ల ఫ్యాక్టరీలు, రేవులు, బొగ్గు, కంటెయినర్లు. పైన స్ట్రాస్‌బుర్గ్ నుంచి బాసెల్ దాకా చాలా భాగం కాలవలా సరిచేసిన నది. వీటిని రాత్రిళ్లు దాటించేస్తారు కాబట్టి మీకు పెద్దగా తెలియదు.

అయితే ఊళ్లు మాత్రం గట్టివి. కిండర్‌డైక్‌లో 19 గాలిమరలు ఒకేచోట ఉంటాయి. కొలోన్ చర్చి 1248లో మొదలుపెడితే 1880కి పూర్తయింది, గోపురాలు 157 మీటర్లు. పైగా ఓడ దిగితే నడిచే దూరంలోనే ఉంటుంది, అమ్మగారికి అది సుఖం. స్ట్రాస్‌బుర్గ్‌లో అలా కాదు. ఓడ ఊరికి దూరంగా ఆగుతుంది, అక్కణ్నుంచి బస్సు.

ఇంకో మాట. ఆ లోయలో నదికి రెండు పక్కలా రైలు పట్టాలే. రాత్రి అక్కడ ఆగిందంటే గూడ్సు బళ్ల మోత తెల్లారేదాకా ఉంటుంది.

ప్రసూన_వియన్నా
రవి గారు నిజాయితీగా చెప్పారు, నేను కూడా మా నదిని మరీ పొగడను.

డాన్యూబ్ పొడవు 2,850 కిలోమీటర్లు. పది దేశాల మీదుగా వెళ్లి నల్లసముద్రంలో కలుస్తుంది. మీరు వెళ్లేది అందులో 580 కిలోమీటర్లు. ఆ ముక్కలోనే వియన్నా, బ్రాటిస్లావా, బుడాపెస్ట్, మూడు రాజధానులు వస్తాయి. తిరుగు ప్రయాణం కాబట్టి వెళ్లేటప్పుడు రాత్రి దాటించిన చోట్లు వచ్చేటప్పుడు పగలు చూపిస్తారు. అది పెద్ద లాభం.

అన్నిటికంటే అందమైనది వాఖావు లోయ. మెల్క్ నుంచి క్రెమ్స్ దాకా 36 కిలోమీటర్లు. మెట్లు మెట్లుగా రాతిగోడలు కట్టి ద్రాక్ష పెంచుతారు, మధ్యలో ఆప్రికాట్ తోటలు. మార్చి చివర, ఏప్రిల్‌లో పూత, జులైలో పండ్లు. ఆ నెలలో గట్టున ఏ ఊళ్లో ఆగినా ఆప్రికాట్ జామ్, ఆప్రికాట్ పూర్ణంతో ఉడకబెట్టిన ఉండలు అమ్ముతూనే ఉంటారు. డ్యూర్న్‌స్టైన్‌లో ఇంగ్లండు రాజు రిచర్డ్‌ని 1192లో బంధించిన కోట శిథిలాలున్నాయి. మీ నాన్నగారు ఎక్కుతారేమో గానీ అమ్మగారిని కింద వీధిలోనే కూర్చోబెట్టండి, ఎక్కుడు బాగా నిటారుగా ఉంటుంది. మెల్క్ మఠానికి మాత్రం బస్సు పైదాకా వెళ్తుంది.

వియన్నా సంగతి ముందే చెప్పాలి, లేకపోతే వచ్చాక నిరాశపడతారు. అసలు డాన్యూబ్ ఊరి నడిబొడ్డున లేదు. ఓడ రైష్‌బ్రుకె వంతెన దగ్గర ఆగుతుంది, చుట్టూ అపార్టుమెంట్లు, ఆఫీసులు. కంగారేం లేదు, ఫోర్‌గార్టెన్‌ష్ట్రాసె స్టేషన్‌కి కాసేపు నడిచి యూ1 మెట్రో ఎక్కితే పది నిమిషాల్లోపే ఊరి నడిబొడ్డు, స్టెఫాన్స్‌ప్లాట్జ్. లిఫ్టులున్నాయి. ఓడవాళ్లు అమ్మే సిటీ టూర్ మానేసి మీరే వెళ్లొచ్చు.

బుడాపెస్ట్‌లో మాత్రం ఓడ ఊరి మధ్యలోనే ఆగుతుంది. చీకటి పడ్డాక లోపలికి వచ్చే షెడ్యూలైతే అదృష్టం. 268 మీటర్ల పొడవున పార్లమెంటు భవనం దీపాలతో, ఎదురు గట్టున కోట, మధ్యలో 1849 నాటి గొలుసు వంతెన. ఆ అరగంట డెక్ మీద అందరూ లేచి నిలబడే ఉంటారు, వెనక కూర్చున్నవాళ్లకి వీపులే కనిపిస్తాయి. అమ్మగారి కోసం ముందుగా వెళ్లి రెయిలింగ్ పక్కన కుర్చీ పట్టుకోండి.

బడ్జెట్_బాబాయ్
అందరూ క్రూజు క్రూజు అంటున్నారు గానీ ఒక్కరూ డబ్బు మాట ఎత్తడం లేదు. సీజన్‌లో మనిషికి వారానికి రెండు వేల యూరోల పైమాటే. పేరున్న కంపెనీల్లో దానికి రెట్టింపు కూడా ఉంది. నలుగురికి విమానం టికెట్లు, వీసా కలిపితే మన ఊళ్లో చిన్న స్థలం వస్తుంది.

దీనికి బదులు వియన్నాలో అపార్టుమెంటు తీసుకోండి. ఒకరోజు రైలెక్కి మెల్క్ వెళ్లి, అక్కడ పగటి బోటు ఎక్కి క్రెమ్స్‌లో దిగండి. ప్రవాహం వెంట కాబట్టి రెండు గంటలు కూడా పట్టదు. క్రెమ్స్ నుంచి పైకి ఎక్కితే ఎదురీత, మూడు గంటలు. ఇంకోరోజు వియన్నా నుంచి బ్రాటిస్లావాకి స్పీడు బోటు, గంటంబావు. బుడాపెస్ట్‌కి రైలు. నది చూసినట్టూ ఉంటుంది, సగం డబ్బు మిగులుతుంది.

వేణు_హనుమకొండ
బాబాయ్ గారూ, మీ లెక్క కుర్రాళ్లకి కరెక్టు. మోకాళ్లు నొస్తున్న మనిషికి ఎట్ల కుదురుతది? స్టేషన్లో లిఫ్టు ఏ మూల ఉందో వెతకాలి, బోటు టైముకి ఉరకాలి, సాయంత్రం కూరగాయలు కొనుక్కొచ్చి వండాలి. ఆ వండేది మళ్లీ ఆ అమ్మే.

మా అత్తామామలని రైన్ మీద తీసుకెళ్లినం. మా మామయ్య రోజూ పొద్దున డెక్ మీద కుర్చీ ఏసుకొని, ఒడ్డున సైకిళ్ల మీద పోయేటోళ్లకి చెయ్యి ఊపుతూ కూర్చునేది. ఊళ్లల్ల దిగకపోయినా ఆయనకి సరిపోయింది. అదే బస్సు టూరైతే దిగనోడికి బస్సే గతి.

కాకపోతే గది చూసి తీసుకోవాలె. అన్నిటికన్న కింది అంతస్తు గదులు చవక, కిటికీ పైన ఉంటది, నీళ్లు దానికి కొంచెం కిందనే. తెరవరాదు. మధ్య అంతస్తుల ఫ్రెంచ్ బాల్కనీ అంటరు. బాల్కనీ కాదు, అద్దం తలుపు జరిపితే అడ్డంగా కమ్మీ ఉంటది, అంతే. చాలా ఓడలల్ల లిఫ్టు కింది అంతస్తుకీ పోదు, పై డెక్‌కీ పోదు. అమ్మకి మోకాళ్ల నొప్పులంటున్నరు కాబట్టి రిసెప్షన్, డైనింగ్ హాలు ఉండే అంతస్తులనే గది అడగండి. వెనక చివరి గదులు వద్దు, ఇంజన్ చప్పుడు.

శిరీష_కూకట్‌పల్లి
వేణు గారూ, లిఫ్టు సంగతి అస్సలు తట్టలేదు, చాలా థ్యాంక్స్. బాబాయ్ గారూ, మీ ప్లాను మా ఇద్దరికీ తర్వాత ఎప్పుడైనా పనికొస్తుంది, దాచుకుంటున్నాను.

ఫ్రెంచ్ బాల్కనీకి డబ్బు ఎక్కువ చెప్తున్నారు. అవసరమా?

రైన్‌గట్టు_రవి
ఒక విషయం తెలుసుకుని నిర్ణయించుకోండి. రేవుల్లో చోటు తక్కువ. అందుకని ఓడలని పక్కపక్కన ఆనించి కడతారు, రెండు మూడు కూడా. మీది బయటి ఓడ అయితే లోపలి ఓడల్లోంచి నడిచి ఒడ్డుకి దిగాలి. లోపలిది అయితే తెర తీయగానే అవతలి గదిలో ఎవరో పళ్లు తోముకుంటూ కనిపిస్తారు. డబ్బు పోసి కొన్న బాల్కనీ సగం రోజులు ఇంతే. ఓడ నడిచేటప్పుడు ఎలాగూ అందరం పై డెక్ మీదే ఉంటాం. నన్నడిగితే మధ్య అంతస్తులో మామూలు కిటికీ గది దొరికితే చాలు.

పై డెక్ కూడా ఎప్పుడూ తెరిచి ఉండదు. వంతెనలు తక్కువ ఎత్తులో ఉన్నచోట గొడుగులు, రెయిలింగులు మడిచేసి, కెప్టెన్ గదిని కూడా కిందికి దించేసి, జనాన్ని కిందికి పంపేస్తారు.

గోదారోడు
కెప్టెన్ గదిని కిందికి దించేస్తారా??

రైన్‌గట్టు_రవి
అవును, లిఫ్టులా కిందికి దిగుతుంది. పైకప్పులోంచి ఆయన తల ఒక్కటే బయటికి పెట్టి చూస్తూ నడపడం నేనే చూశాను.

లాకుల_మాస్టారు
ఇరిగేషన్ శాఖలో రిటైరయ్యాను. ధవళేశ్వరంలో పనిచేసిన రోజుల్లో లాకుల పక్కనే మా క్వార్టరు. కాటన్ దొర 1847లో మొదలెట్టి 1852కి ఆనకట్ట కట్టించాక కాలవల్లో పడవలు తిరగడానికి ఏర్పాటు చేసినవే ఆ లాకులు, అంటే పడవని ఒక నీటిమట్టం నుంచి ఇంకోదానికి ఎక్కించి దించే గేట్ల తొట్లు. మా అబ్బాయి దగ్గరికి జర్మనీ వెళ్లినప్పుడు డాన్యూబ్ ప్రయాణం చేశాను, సగం రోజులు లాకుల దగ్గరే గడిచాయని మా ఆవిడ ఫిర్యాదు.

ఆ ఓడలు ఎందుకలా సన్నగా పొడుగ్గా ఉంటాయో చెప్తాను. పొడవు 135 మీటర్లు, వెడల్పు 11.4 మీటర్లు. రైన్‌ని, డాన్యూబ్‌ని కలుపుతూ 1992లో ఒక కాలవ తెరిచారు, 171 కిలోమీటర్లు, 16 లాకులు. ఆ లాకుల వెడల్పు 12 మీటర్లు. అంటే ఓడకి ఇటు ఒక జానెడు, అటు ఒక జానెడు. అందులో మూడు లాకులు ఒక్కొక్కటి ఓడని 24 మీటర్ల పైన ఎత్తుతాయి, ఎనిమిదంతస్తుల మేడంత! ఎక్కడా పంపుతో ఓడని ఎత్తేది లేదు. పై నీటిని తూముల గుండా వదిలితే తొట్టి నిండుతుంది, ఓడ తేలుతుంది. ధవళేశ్వరంలో చేసిన పనే, కొలత మాత్రం పెద్దది.

మీ పసావు-బుడాపెస్ట్ దారిలో ఆ ఇరుకు కాలవ రాదు. కానీ 11 లాకులు వస్తాయి, పది ఆస్ట్రియా భాగంలో, ఒకటి బ్రాటిస్లావా దాటాక గబ్చికోవో దగ్గర. ఆస్ట్రియావి 24 మీటర్ల వెడల్పు, రెండు ఓడలు పక్కపక్కనే పడతాయి. గబ్చికోవోలో దిగేది సుమారు 20 మీటర్లు. నాచు పట్టిన తడి గోడ మీ పక్క నుంచి పైకి లేస్తూ ఉంటుంది, గోడ గాడిలో తేలే కొక్కేనికి తాడు తగిలించి ఒక కుర్రాడు దాన్నే కనిపెట్టుకుని నిలబడతాడు. మీ నాన్నగారిని తప్పకుండా లేపండి, రాత్రయినా సరే.

శిరీష_కూకట్‌పల్లి
మాస్టారూ, ఇది నాన్నకి చదివి వినిపించాను. ఇప్పుడాయన డాన్యూబే అంటున్నారు! అమ్మకి ఒక భయం ఉంది, చెప్పడానికి మొహమాటంగా ఉంది గానీ అడుగుతున్నా. 2019లో కచ్చులూరు దగ్గర బోటు మునిగినప్పటి నుంచి తను గోదావరి మీద లాంచీ ఎక్కలేదు. ఈ ఓడలు భద్రమేనా?

లాకుల_మాస్టారు
మొహమాటం ఎందుకమ్మా, అది మరిచిపోయే సంగతి కాదు. ఆ సెప్టెంబరులో గోదావరి వరద మీద ఉంది, అక్కడ సుడులు. యూరప్ నదుల్లో నీటిమట్టం ఒక హద్దు దాటిందంటే అధికారులే మొత్తం రాకపోకలు ఆపేస్తారు. ఓడవాడి ఇష్టం కాదు. ఎక్కిన కాసేపటికే లైఫ్ జాకెట్లు వేయించి డ్రిల్ చేయిస్తారు, అమ్మగారు దాన్ని తప్పించుకోకుండా చూడండి. సముద్రం కాదు కాబట్టి ఊగదు, వాంతుల బెడద ఉండదు. ఒడ్డు ఎప్పుడూ కంటికి కనిపిస్తూనే ఉంటుంది.

సుజన_బే_ఏరియా
భద్రత కంటే అసలు తలనొప్పి నీళ్లే. అయితే ఎక్కువ, లేకపోతే తక్కువ. మాకు జరిగింది చెప్తాను. ఆగస్టు చివర్లో రైన్ మీద బుక్ చేసుకున్నాం. బయల్దేరే ముందు రోజు ఈమెయిల్: నీటిమట్టం పడిపోయింది, మొదటి మూడు రోజులు ఓడ, తర్వాత బస్సులో ఇంకో ఊరికి, అక్కడ అదే కంపెనీ ఇంకో ఓడ. పెట్టెలు వాళ్లే మోశారు, గది నంబరు కూడా అదే ఇచ్చారు. కానీ ఏ లోయ కోసం వెళ్లామో దాన్ని బస్సు కిటికీలోంచి చూశాం. డబ్బు వెనక్కి ఏమీ రాలేదు, తర్వాతి ట్రిప్పుకి కూపన్ ఇచ్చారు. కాంట్రాక్టులో చిన్న అక్షరాల్లో "నీటిమట్టాన్ని బట్టి మార్పులు చేసే హక్కు" అని ఉండనే ఉంది. కంపెనీ పేరు రాయను, అందరి కాంట్రాక్టుల్లోనూ ఇదే ఉంటుంది.

రైన్‌గట్టు_రవి
2018, 2022 రెండేళ్లూ ఇక్కడ నది ఎండిపోయినంత పనైంది. 2018 అక్టోబరులో కౌబ్ దగ్గర కొలబద్ద మీద 25 సెంటీమీటర్లు చూపించింది. గూడ్సు పడవలు సరుకులో కొంత భాగం మాత్రమే ఎక్కించుకుని తిరిగాయి.

గోదారోడు
25 సెంటీమీటర్లా? అందులో బాతు కూడా ఈదదు కదండీ!

లాకుల_మాస్టారు
అది లోతు కాదు బాబూ. కొలబద్దకి సున్నా ఎక్కడ పెట్టారో అక్కణ్నుంచి లెక్క. కౌబ్ దగ్గర 77, 78 చూపించినప్పుడు ఓడ దారిలో లోతు 1.90 మీటర్లు. అంటే 25 చూపించిన రోజున కూడా దారిలో సుమారు 1.4 మీటర్ల నీరుంది. ఓడ అడుగుభాగానికి చాలదు గానీ బాతుకి ఢోకా లేదు.

డాన్యూబ్‌కీ ఇలాంటి పీకపట్టు ఉంది, బవేరియాలో ష్ట్రౌబింగ్ నుంచి ఫిల్స్‌హోఫెన్ దాకా 70 కిలోమీటర్లు. అక్కడ ఆనకట్టలు లేవు, నది తన ఇష్టం. రేగెన్స్‌బుర్గ్, న్యూరెంబర్గ్ నుంచి బయల్దేరే క్రూజులకి ఎక్కువగా అక్కడే గండి పడుతుంది. పసావు దానికి దిగువన ఉంది. అందుకే మీరు చూసిన రెండోది నాకు నచ్చింది. పూర్తిగా పూచీ అని కాదు. వాఖావులోనూ, వియన్నాకి తూర్పునా ఆనకట్టల్లేని భాగాలున్నాయి.

ప్రసూన_వియన్నా
వరదల సంగతి కూడా వినండి. 2013 జూన్‌లో పసావులో నీరు 12.89 మీటర్లకి చేరింది, 1501 తర్వాత అంత ఎత్తు అదే. టౌన్‌హాల్ గోడ మీద ఏ ఏడాది నీరు ఎంతదాకా వచ్చిందో గీతలు గీసి ఉంటాయి, నాన్నగారికి చూపించండి. 2024 సెప్టెంబరులో ఇక్కడ వరదలొచ్చి డాన్యూబ్ మీద ఓడలు నిలిచిపోయాయి, జనం రేవులోనే రోజులు గడిపారు.

కాబట్టి ఫలానా నెల సేఫ్ అని ఎవరు చెప్పినా నమ్మకండి. నా ఓటు మే రెండో సగం నుంచి జులై మొదటి వారం దాకా. ఆల్ప్స్ మంచు కరుగుతూ ఉంటుంది కాబట్టి నీటికి కరువుండదు, రాత్రి తొమ్మిది దాకా వెలుతురు. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా నీరు తగ్గే భయం ఎక్కువ. డిసెంబరు క్రిస్మస్ బజార్లు బావుంటాయి గానీ నాలుగున్నరకే చీకటి, చలికి అమ్మగారి మోకాళ్లు ఇంకా పట్టేస్తాయి.

పద్మజ_వైజాగ్
తిండి గురించి ఎవరూ సరిగ్గా చెప్పలేదు. నేను శాకాహారిని, గుడ్డు తినను, ఆకలితో మాత్రం దిగలేదు.

బుక్ చేసేటప్పుడే రాతపూర్వకంగా చెప్పాలి. వెజిటేరియన్ అని వదిలేస్తే సరిపోదు. మాంసం, చేప, గుడ్డు వద్దు, పాలు పెరుగు పరవాలేదు అని విడివిడిగా రాయాలి. ఎక్కిన మొదటి సాయంత్రమే హోటల్ మేనేజర్‌ని కలిసి మళ్లీ చెప్పాలి. సూప్ శాకాహారంలాగే కనిపిస్తుంది, కానీ ఎముకలు మరిగించిన నీళ్లతో చేసి ఉండొచ్చు. నూడుల్స్‌లో గుడ్డు ఉంటుంది. అడిగితే విసుక్కోరు. మూడో రోజుకల్లా మాకు అన్నం, పెరుగు అడక్కుండానే బల్ల మీదకి వచ్చేవి. మే, జూన్‌లో వెళ్తే తెల్ల ఆస్పరాగస్ సీజను, జూన్ 24తో అయిపోతుంది. అన్ని పూటలా అదే పెడతారు, రెండో రోజుకి మొహం మొత్తుతుంది.

ఆవకాయ, గోంగూర పచ్చడి చెకిన్ పెట్టెలో పెట్టుకోండి. కానీ పాలకోవా, నెయ్యి డబ్బా, పాలపొడి యూరప్‌లోకి తేకూడదు. బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు సామానులో తేవడం నిషేధం. తాజా కరివేపాకు, మామిడిపండ్లు కూడా సర్టిఫికెట్ లేకుండా కుదరదు. గదిలో ఎలక్ట్రిక్ కుక్కర్ పెట్టొద్దు, నిప్పు భయంతో ఒప్పుకోరు.

గోదారోడు
సున్నుండలో?

పద్మజ_వైజాగ్
నెయ్యి ఉంది కదా బాబూ, ఇంట్లోనే తినేసి బయల్దేరండి.

విశాల్_వీసా_ముచ్చట్లు
షెంగెన్ వీసా గురించి, అంటే యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే ఒకే వీసా. జర్మనీ, ఆస్ట్రియా, స్లొవేకియా, హంగరీ నాలుగూ షెంగెన్‌లోవే, ఒక్క వీసా చాలు. ఎక్కడ అప్లై చేయాలన్నది మీరు ఎక్కువ రాత్రులు ఉండే దేశాన్ని బట్టి. పసావు ట్రిప్పులో సాధారణంగా ఆస్ట్రియాలోనే ఎక్కువ రాత్రులు పడతాయి. కానీ ముందూ వెనకా మ్యూనిక్‌లో రెండు రోజులుంటే లెక్క జర్మనీ వైపు తిరగొచ్చు. షెడ్యూలు ముందు పెట్టుకుని రాత్రులు లెక్కపెట్టండి, సమానంగా వస్తే మొదట అడుగుపెట్టే దేశం.

ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేసుకోవచ్చు. ఫీజు పెద్దవాళ్లకి 90 యూరోలు. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి. అది వీసా కోసం. మీ నాన్నగారి వయసుకి అంతకంటే పెద్ద కవర్ తీసుకోండి, ముందే ఉన్న జబ్బులు కవర్ అవుతాయో లేదో చదవండి. చాలా రివర్ క్రూజుల్లో డాక్టరు ఉండడు, అవసరమైతే దగ్గరి ఊళ్లో దింపుతారు. బెల్‌గ్రేడ్ దాకా వెళ్లే క్రూజు తీసుకుంటే సెర్బియా షెంగెన్‌లో లేదు, మల్టిపుల్ ఎంట్రీ లేకపోతే తిరిగి లోపలికి రాలేరు.

ఇండియాలోని ఏజెంటు ద్వారా ప్యాకేజీ కొంటే టీసీఎస్, అంటే అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే పన్ను, పడుతుంది. ఆ రేట్లు మారుతుంటాయి, కట్టే రోజున చూసుకోండి. అది రిటర్న్‌లో సర్దుబాటవుతుంది, రసీదు పారేయొద్దు.

బడ్జెట్_బాబాయ్
సరే, క్రూజే అనుకుందాం. అప్పుడు కూడా ధర చూసి మురిసిపోకండి. ఒకడు చవగ్గా చెప్తాడు, అందులో ఊళ్లు చూపించే టూర్లుండవు, టిప్పులుండవు, తాగేవాటికి వేరే. ఇంకొకడు అన్నీ కలిపి చెప్తాడు, అందులో వైన్, బీరు కూడా. మీ ఇంట్లో తాగేవాళ్లు లేకపోతే ఆ డబ్బు దండగ. టిప్పు మనిషికి రోజుకి పది పదిహేను యూరోలు అడుగుతారు. నలుగురికి ఏడు రోజులకి లెక్కేసుకోండి.

టూర్లు కూడా అన్నీ కొనక్కర్లేదు. వియన్నా గురించి ప్రసూన గారు చెప్పారు. బ్రాటిస్లావాలో రేవు పాత ఊరిని ఆనుకునే ఉంటుంది. మెల్క్ ఒక్కటీ కొనండి చాలు.

వేణు_హనుమకొండ
బాబాయ్ గారు దారికొచ్చిన్రు!

గుండ్రాళ్ల వీధులు మరిచిపోకండి శిరీష గారూ. పాత ఊళ్లన్నీ అవే. అమ్మకి చెప్పులు కాదు, మెత్తటి సోలు ఉన్న బూట్లు ఇక్కడనే కొని నెల ముందు నుంచి అలవాటు చెయ్యండి. మడతపెట్టే చిన్న కుర్చీ-కర్ర దొరుకుతది, అది మా అత్తమ్మకి మస్తు పనికొచ్చింది. గైడుతో నడిచేటప్పుడు చెవిలో పెట్టుకునే రేడియో ఇస్తరు, గుంపుకి కొంచెం వెనకబడ్డా మాట వినిపిస్తది. నెమ్మదిగ నడిచేటోళ్లకి వేరే గుంపు ఉందా అని అడగండి, చాలా ఓడలల్ల ఉంటది, పిలిచి చెప్పరు.

శిరీష_కూకట్‌పల్లి
ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. మావారు, నేను కూర్చుని అన్నీ చదివాం. డాన్యూబే, పసావు నుంచి పసావు. జూన్ మొదటి పక్షం చూస్తున్నాం. రిసెప్షన్ అంతస్తులో కిటికీ గదులు రెండు. వెళ్లేటప్పుడు వియన్నా టూరు తీసుకోం, మెట్రోలోనే వెళ్తాం. ఒక్కటి తేలలేదు. హైదరాబాద్ నుంచి పసావు ఎలా చేరాలి? ఏజెంటు మ్యూనిక్ అంటున్నాడు, మధ్యలో ఒకచోట విమానం మారాలి.

రైన్‌గట్టు_రవి
హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి నేరుగా విమానం ఉంది. అక్కణ్నుంచి పసావుకి మారక్కర్లేని ఐసీఈ స్పీడు రైళ్లున్నాయి, నాలుగు గంటల పైన పడుతుంది. వియన్నా వెళ్లే రైళ్లే అవి. సీట్లు రిజర్వ్ చేసుకోండి, లేకపోతే నిలబడాలి. మ్యూనిక్ అయితే విమానాశ్రయం నుంచి రెండు గంటల చిల్లర. ఏ దారైనా ఓడ ఎక్కే రోజున దిగొద్దు. ఒకరోజు ముందే పసావు చేరండి. విమానం ఆలస్యమైతే ఓడ మీకోసం ఆగదు, తర్వాతి ఊరికి మీరే సొంత ఖర్చుతో వెళ్లి అందుకోవాలి.

ప్రసూన_వియన్నా
ఆ ఒకరోజు వృథా కాదు. పసావులో మూడు నదులు కలుస్తాయి, డాన్యూబ్, ఇన్, ఇల్జ్. ఇన్ పచ్చగా, ఇల్జ్ నల్లగా, కలిసినచోట రంగులు కాసేపు విడివిడిగానే సాగుతాయి. ఊరి చివర పార్కులో బెంచీలున్నాయి, అక్కణ్నుంచి బాగా కనిపిస్తుంది. చర్చిలో 17,974 గొట్టాల ఆర్గన్ ఉంది, మే నుంచి అక్టోబరు దాకా మధ్యాహ్నం కచేరీ. ఆదివారాలు, పండగ రోజుల్లో ఉండదు, రోజు చూసుకుని వెళ్లండి.

లాకుల_మాస్టారు
నాన్నగారికి ఒక చిన్న పని అప్పజెప్పండి. గట్టున కిలోమీటర్ల బోర్డులుంటాయి. రైన్ మీద అంకెలు పైనుంచి కిందికి పెరుగుతాయి. డాన్యూబ్‌కి తిరకాసు, సముద్రం దగ్గర సున్నా మొదలై పైకి పెరుగుతాయి. పసావు దగ్గర 2226, వియన్నాలో 1929, బుడాపెస్ట్‌లో 1647. ఒక నోట్‌బుక్కు ఇచ్చి ఆ అంకెలు రాసుకోమంటే వారమంతా ఆయన మీ జోలికి రారు.

శిరీష_కూకట్‌పల్లి
నోట్‌బుక్కు ఆల్రెడీ అడిగారు మాస్టారూ! గబ్చికోవో లాకు చూడాలంటే డెక్ మీద ఏ వైపు కూర్చోవాలని కూడా అడగమంటున్నారు.

లాకుల_మాస్టారు
ముందు కొసన, మధ్యలో. గేటు తెరుచుకునేది ఎదురుగానే కనిపిస్తుంది. ఓడ బ్రాటిస్లావా రాత్రి వదిలితే అక్కడికి చేరేసరికి ఏ అర్ధరాత్రో అవుతుంది. తిరుగు ప్రయాణంలో పగలు పడుతుందేమో మొదటి రోజే రిసెప్షన్‌లో అడిగి రాసుకోమనండి. స్వెట్టరు మరవొద్దు.